"దేవుడు అల్లరికి కర్త కాడు": ఆ అల్లరి వెనక ఉన్న గ్రీకు మాట

వందనాలు బ్రదర్.

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా విషయం తెలుస్తుంది. మీ అబ్బాయికి ఒకేసారి రెండు ఉద్యోగాలు వచ్చాయి, ఒకటి బెంగళూరులో, ఒకటి విశాఖలో. రెండు వారాలుగా ఏదీ తేల్చుకోలేక సతమతమవుతున్నాడు. మీ ప్రార్థన గ్రూపులో ఒక పెద్దాయన బైబిల్లో 1 కొరింథీయులకు 14:33 చూపించి, "కన్ఫ్యూజన్ ఉందంటే అది దేవుని దగ్గర నుంచి వచ్చింది కాదు, గ్రీకులో కూడా కన్ఫ్యూజన్ అనే ఉంది, రెండు ఉద్యోగాలూ వదిలేయమనండి" అన్నారు. ఆ గ్రీకు మాట ఏమిటి, ఎక్కడ పుట్టింది, దానికి నిజంగా ఆ అర్థం ఉందా, అసలు ఎలా పలకాలి అని మీ ప్రశ్న.

ఆ మాట అకతస్తసియా. మనసులో ఏదీ తేలకపోవడం అనే అర్థంలో, ఆ పత్రిక రాసిన పౌలు దాన్ని అక్కడ వాడలేదు. పదిమంది కూడిన చోట గొడవ, క్రమం తప్పడం, ఒకరితో ఒకరికి పొసగకపోవడం, ఆ అర్థంలో వాడాడు. మీ అబ్బాయి ఉద్యోగాలకీ ఆ వచనానికీ సంబంధం లేదు. మీకు కావలసింది ఇంతే అయితే ఇక్కడితో ఆపేయొచ్చు. నేను పంతొమ్మిదేళ్లుగా సాయంత్రం బైబిల్ క్లాసుల్లో గ్రీకు చెప్తున్నాను, ఈ మాట దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మన పాత తెలుగు బైబిల్లో ఆ వచనం తీసి చూడండి. "దేవుడు సమాధానమునకే కర్త గాని అల్లరికి కర్త కాడు." కన్ఫ్యూజన్ లేదు, గందరగోళం లేదు, అల్లరి ఉంది. ఈ మధ్య పిల్లలకి అల్లరి అంటే సోఫా మీద గెంతడం, తమ్ముడి జుట్టు లాగడం, అంతే. కానీ పేపర్లో "పట్టణంలో అల్లర్లు, కర్ఫ్యూ" అని చదువుతాం, "అల్లరి మూకలు" అని చదువుతాం, ఆ అల్లరి ఇది. నన్నడిగితే ఆ పాత అనువాదకులు గురి చూసి కొట్టారు, కన్ఫ్యూజన్ అన్న ఇంగ్లీషు మాట కంటే మన అల్లరే గ్రీకుకి దగ్గర. ఈ కన్ఫ్యూజన్ మనకి 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ నుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ అనువాదకులే ఆ వచనం పక్కన మార్జిన్లో గ్రీకుకి ట్యుమల్ట్ అని, అన్‌క్వయట్‌నెస్ అని అర్థం రాసుకున్నారు. ట్యుమల్ట్ అంటే అల్లరే కదా. మార్జిన్ ఎవరూ చదవలేదు, లోపలి మాట మాత్రం నాలుగు వందల ఏళ్లు తిరిగి తిరిగి మన వాట్సాప్ గ్రూపులకి చేరింది.

ఇంకో చిన్న సంగతి. గ్రీకులో "కర్త" అనే మాటే లేదు. వాక్యం ఇది: "ఊ గార్ ఎస్తిన్ అకతస్తసియాస్ హొ థెయొస్, అల్లా ఎయిరేనేస్." మాటకి మాట పెడితే "ఎందుకంటే దేవుడు అల్లరి దేవుడు కాడు, సమాధానపు దేవుడు". షష్ఠీ విభక్తి మాత్రమే ఉంది, "యొక్క" లాగ. కింగ్ జేమ్స్ ప్రతుల్లో ది ఆథర్ అన్న రెండు మాటలూ వాలు అక్షరాల్లో ఉంటాయి, అంటే మూలంలో లేవు, మేం కలిపాం అని వాళ్లే ఒప్పుకుంటున్నారు. మనవాళ్లు కూడా ఈ పద్ధతికి "కర్త" చేర్చడం అలవాటు చేసుకున్నారు, థెస్సలొనీక పత్రికలో "సమాధానకర్తయగు దేవుడే" అన్న చోట కూడా గ్రీకులో ఉన్నది "సమాధానపు దేవుడు" అనే. తప్పేం కాదు, తెలుగులో అలా అంటేనే నిండుగా ఉంటుంది. కాకపోతే "కర్త" అనేసరికి "నా కన్ఫ్యూజన్ ఎవరు పుట్టించారు, దేవుడా సాతానా" అనే ప్రశ్న మొదలవుతుంది. పౌలు ఆ ప్రశ్న వేయలేదు. దేవుడు ఎలాంటివాడో చెప్తున్నాడు, ఆయన పేరున కూడుకున్న చోటు కూడా అలాగే ఉండాలంటున్నాడు.

ఇప్పుడు మాట పుట్టుక. నాకు ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఓపిక పట్టండి.

క్లాసులో ఈ మాటని బోర్డు మీద విడగొట్టి రాస్తాను: అ + కత + స్త. ఒకసారి ఆటో నడిపే కుర్రాడు ఒకడు, పగలంతా ఆటో తిప్పి సాయంత్రం ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు, "అ-కత అంటే కథ లేకపోవడమా సార్" అన్నాడు. అందరూ నవ్వారు. కత అంటే కింద, కిందికి అని చెప్పాను. చివరి స్త దగ్గర అదే కుర్రాడు మళ్లీ చెయ్యి ఎత్తి "ఇది మన స్థ కదా సార్, స్థలం, స్థిరం" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్షరాలా నిజం. గ్రీకు స్తా, సంస్కృతం స్థా, లాటిన్ స్తారే, ఇంగ్లీషు స్టాండ్ అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి, అర్థం నిలబడటం, నిలబెట్టడం. ముందున్న "అ" కూడా మన "అ" లాంటిదే, లేదు అని చెప్పేది. అసత్యం, అన్యాయం, అశాంతిలో ఉన్న అ.

కతా, హిస్తేమి (ఇందాకటి స్తా నుంచి వచ్చిన క్రియ, నిలబెట్టడం) అనే రెండూ కలిస్తే గ్రీకులో కథిస్తేమి అనే క్రియ అవుతుంది. ఒకదాన్ని దించి దాని చోట కుదురుగా పెట్టడం, అక్కణ్నుంచి మనిషిని ఒక పదవిలో నియమించడం అనే అర్థం వచ్చింది. తీతుకు రాసిన పత్రికలో "ప్రతి పట్టణములోను పెద్దలను నియమించు" అన్న చోట ఉన్న క్రియ ఇదే. దాని నుంచి కతాస్తసిస్ వచ్చింది, అంటే కుదురుకున్న స్థితి, ఏర్పాటు. దానికి ముందు "అ" చేరిస్తే అకతస్తసియా. కుదురు లేకపోవడం, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉండకపోవడం.

తెలుగులో దీనికి దాదాపు అచ్చు పోసినట్టున్న మాట ఒకటి మనం రోజూ వాడుతూనే ఉంటాం. అవ్యవస్థ. అ, వి, అవ, స్థా. అవ అన్నా కిందికి అనే. అవ, కతా అనే ఉపసర్గలకి చుట్టరికం లేదు, కానీ రెండు భాషలూ ఒకే ఆలోచనతో ఒకే రకం మాట కట్టుకున్నాయి. గ్రీకు అకతస్తసియాకి నిఘంటువులు తిరగేయక్కర్లేదు, "అక్కడంతా అవ్యవస్థ" అని మనం అనే సందర్భం గుర్తు తెచ్చుకుంటే చాలు.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక. మాట వేరు తెలిసినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు. వ్యవస్థలో ఉన్న స్థానే అవస్థలో కూడా ఉంది. సంస్కృతంలో అవస్థ అంటే ఉత్త స్థితి, మంచీ కాదు చెడ్డా కాదు. తెలుగులో "నిన్న బస్సు దొరక్క ఎంత అవస్థ పడ్డానో" అంటే స్థితి పడ్డాను అని అర్థం తీయగలమా? కుదరదు కదా. మాటకి పుట్టిల్లు ఒకటి, కాపురం చేసే ఇల్లు ఇంకొకటి. ప్రసంగాల్లో "గ్రీకులో దీని వేరు ఇది, కాబట్టి దీని అర్థం ఇదే" అని వినపడితే నేను కొంచెం చెవులు రిక్కించి వింటాను. వాడుక చూడాలి.

వాడుక చూద్దాం. కొత్త నిబంధనలో ఈ నామవాచకం ఐదే ఐదు చోట్ల ఉంది. లూకా 21:9లో యేసు "యుద్ధములను గూర్చియు కలహములను గూర్చియు" వింటారు అన్నాడే, ఆ కలహములు ఇవే. 1 కొరింథీ 14:33 మనది. 2 కొరింథీ 6:5లో పౌలు తను పడ్డ బాధల జాబితా ఇస్తూ దెబ్బలు, చెరసాలలు, ఆ వెంటనే అల్లరులు అంటాడు. 2 కొరింథీ 12:20లో మళ్లీ అల్లరులు. యాకోబు 3:16లో మత్సరం, వివాదం ఎక్కడ ఉంటాయో అక్కడ "అల్లరియు ప్రతి నీచకార్యమును" ఉంటాయి అని. ఐదింట్లో ఒక్క చోట కూడా ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఎటూ తేల్చుకోలేకపోవడం కనపడదు. అన్ని చోట్లా జనం ఉన్నారు, గొడవ ఉంది. వల్గేట్ అనే పాత లాటిన్ బైబిల్ చూసినా అంతే. లూకాలో, 2 కొరింథీలో దీనికి సెదితియో అని ఉంటుంది, అంటే తిరుగుబాటు. 1 కొరింథీ 14:33లో దిస్సెన్సియో అని ఉంటుంది, అంటే భేదాలు, పంతాలు.

ఆ 2 కొరింథీ 6:5 మీ పెద్దాయనకి చూపించండి. దేవుని సేవకుడిగా నేను ఇవన్నీ పడ్డాను అని పౌలు చెప్పుకున్న జాబితాలో అకతస్తసియా ఉంది. అది ఉన్న చోట దేవుడి పని లేదు అనే లెక్క అయితే పౌలు జీవితంలో సగం కొట్టేయాలి.

బైబిలు బయట ఇంకా బాగుంటుంది. పొలీబియస్ అని క్రీస్తుకి ముందు 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు. రోముతో మొదటి యుద్ధం ఓడిపోయాక కార్తేజి నగరం దగ్గర కూలి సైనికులకి ఇవ్వడానికి డబ్బు లేదు. జీతాలు బకాయి. ఆ సైన్యంలో రకరకాల దేశాలవాళ్లు, ఒకరి భాష ఒకరికి రాదు. మీటింగులు పెట్టుకుంటారు, ఎవడైనా లేచి రాజీ మాట మాట్లాడబోతే మొత్తం మాట వినకుండానే రాళ్లు వేస్తారు. వాళ్లందరికీ ఉమ్మడిగా తెలిసిన మాట ఒకటే అంటాడు పొలీబియస్, "బల్లె", అంటే విసురు. సర్దిచెప్పడానికి గిస్కో అనే అధికారి వచ్చి ఆ పరిస్థితి చూసిన చోట పొలీబియస్ వాడిన మాట అకతస్తసియా. నేను 1 కొరింథీ 14 చెప్పేటప్పుడు ఈ కథ తప్పకుండా చెప్తాను. భాష తెలియని వాడు పక్కవాడికి పరాయివాడే అవుతాడని పౌలు ఆ అధ్యాయంలోనే, 11వ వచనంలో రాస్తాడు.

దీని విశేషణం అకతాస్తతొస్. పాత గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీస్ పేరున ఉన్న వైద్య సూత్రాల్లో ఇది వస్తుంది. కాలం దాని ప్రకారం నడిస్తే జబ్బులు కూడా ఒక పద్ధతిలో వచ్చి తగ్గుతాయట, కాలం అకతాస్తతొస్ అయితే జబ్బులు కూడా అకతాస్తతొస్, ఎప్పుడు తిరుగుతాయో చెప్పలేం అని. శ్రావణంలో ఎండలు, మాఘంలో వానలు పడితే మా అమ్మ "కాలం కుదుట్లేదురా, అందుకే ఈ జ్వరాలు" అనేది. ఆవిడ హిప్పొక్రటీస్ పేరు కూడా విని ఉండదు.

తర్వాత సముద్రం. క్రీ.పూ. 343లో ఏథెన్స్ కోర్టులో దెమొస్తెనీస్ అనే పేరున్న వక్త వాదిస్తూ, జనం అంటే నిలకడ లేని గుంపు, సముద్రంలో అకతాస్తతొస్ అల లాంటిది అని కొందరు మాసిడోనియా రాజు ఫిలిప్ చెవిలో వేశారని ఆరోపిస్తాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో యెషయా 54:11, మన బైబిల్లో "గాలివానచేత కొట్టబడి" అని ఉన్న చోట, ఇదే విశేషణం. ఇప్పుడు యాకోబు 1వ అధ్యాయం చదవండి. సందేహించేవాడు "గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును" పోలినవాడు అని 6వ వచనంలో అంటాడు, రెండు వచనాల తర్వాత అతన్ని "ద్విమనస్కుడు", "అస్థిరుడు" అంటాడు. ఆ అస్థిరుడు అకతాస్తతొసే. అల, గాలి, అకతాస్తతొస్ గ్రీకువాళ్ల చెవికి కలిసే వినపడేవి. మన అనువాదకులు వాడిన అస్థిరుడులో కూడా మళ్లీ అదే అ, అదే స్థా. కావాలని చేశారో అలా కుదిరిందో గాని చాలా చక్కగా కుదిరింది.

మీ పెద్దాయన ఇక్కడ పట్టుకోవచ్చు, "చూశావా, యాకోబు 1:8లో మనసులో ఊగిసలాటకే వాడాడు కదా" అని. న్యాయమైన ప్రశ్నే, దాటవేయను. అవును, విశేషణం అక్కడ ఒక్క మనిషికే వాడాడు. కానీ ఆ మనిషి సమస్య బెంగళూరా విశాఖా అని కాదు. దేవుణ్ని అడుగుతూనే దేవుడు ఇస్తాడని నమ్మడు, ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. ద్విమనస్కుడు అన్న మాటకి గ్రీకు దిప్సుఖొస్, రెండు ప్రాణాలవాడు అన్నట్టు. రెండు మంచి పనుల్లో ఏది చేయాలా అని ఆలోచించేవాణ్ని యాకోబు తిట్టడం లేదు, పైగా 5వ వచనంలో జ్ఞానం కొదువగా ఉంటే అడగండి, దేవుడు గద్దించకుండా ఇస్తాడు అంటున్నాడు. కొదువ ఉండటం తప్పని అనలేదు.

మళ్లీ కొరింథుకి వద్దాం, ఎందుకంటే ఈ మాట అసలు ఊరు అదే. పౌలు సుమారు 55లో ఎఫెసు నుంచి ఆ పత్రిక రాశాడు. 14వ అధ్యాయంలో పరిస్థితి ఊహించుకోండి. పెద్ద చర్చి భవనం కాదు, ఎవరిదో ఇల్లు. 26వ వచనం ప్రకారం ఒకడు కీర్తనతో వస్తాడు, ఒకడు బోధతో, ఒకడు భాషతో (అంటే ఆత్మ ప్రేరణతో తెలియని భాషలో మాట్లాడటం), ఒకడు దాని అర్థం చెప్పడానికి. అందరూ ఒకేసారి మొదలెడతారు. నేను ఒకసారి ఒక ఊళ్లో ఉపవాస ప్రార్థనకి వెళ్లాను. రేకుల షెడ్డు, రెండు పెద్ద స్పీకర్లు, వంద మంది. ఒక సిస్టర్ భాషల్లో ప్రార్థిస్తోంది, ఆవిడ చేతిలో మైకు. రెండో మైకు పట్టుకున్న తమ్ముడు ఆత్మ కదిలిందని పాట ఎత్తుకున్నాడు. కీబోర్డు అతను ఏ శ్రుతి పట్టుకోవాలో తెలియక రెండూ వాయిస్తున్నాడు. ముందు వరసలో పెద్దాయన లేచి నాకు దర్శనం వచ్చింది అని చేతులు ఊపుతున్నాడు, ఆయన మాట ఎవరికీ వినపడటం లేదు. వెనక ఒక పిల్ల ఏడుస్తోంది. అందరి భక్తీ నిజమే, అబద్ధం అనను. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు ఒక్కరి మాట కూడా ఎవరి చెవిలోనూ మిగల్లేదు.

పౌలు దీనికి ఇచ్చిన మందు ఎంత మామూలుదో చూడండి. భాషల్లో మాట్లాడితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ వంతుల చొప్పున. అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండాలి. ప్రవక్తలు కూడా ఇద్దరు ముగ్గురే. ఒకడు మాట్లాడుతుండగా పక్కన కూర్చున్నవాడికి ఏదైనా బయలుపడితే మొదటివాడు ఆగాలి. "నాకు ఆత్మ వచ్చింది, ఆపుకోలేను" అనడానికి వీల్లేకుండా, ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలోనే ఉంటాయి అని కూడా అంటాడు. ఇదంతా చెప్పి, ఎందుకంటే దేవుడు అకతస్తసియా దేవుడు కాడు అంటాడు. గమనించండి, దానికి ఎదురుగా "క్రమం" పెట్టలేదు. క్రమం అన్న మాట, తాక్సిస్, ఆ అధ్యాయం చివరి వచనంలో "మర్యాదగాను క్రమముగాను" అన్న చోట ఉంది. ఇక్కడ మాత్రం ఎయిరేనే పెట్టాడు, సమాధానం. (మన బైబిల్లో సమాధానం అంటే జవాబు కాదు, శాంతి అని క్రైస్తవేతరులకి చెప్పాల్సి వస్తుంది.) యాకోబు కూడా 3:16లో అల్లరి అన్నాక, వెంటనే 17లో పైనుంచి వచ్చే జ్ఞానం "సమాధానకరమైనది" అంటాడు. ఇద్దరికీ అకతస్తసియాకి ఎదురు మాట శాంతే. అంటే వాళ్లు చూస్తున్న జబ్బు టైంటేబుల్ లేకపోవడం ఒక్కటే కాదు, మనుషులు ఒకరికొకరు చోటివ్వకపోవడం.

కొరింథులో ఆ జబ్బు తగ్గలేదు కూడా. రెండో పత్రికలో పౌలు, నేను వచ్చేసరికి మీలో కలహాలు, అసూయలు, కొండెములు అంటూ పెద్ద చిట్టా రాసి, చివరి అంశంగా అల్లరులు ఉంటాయేమోనని భయపడుతున్నాను అంటాడు. ఇంకో నలభై ఏళ్లు గడిచాయి. సుమారు 96లో రోమా సంఘం నుంచి కొరింథు సంఘానికి ఒక ఉత్తరం వెళ్లింది, క్లెమెంతు మొదటి పత్రిక అంటారు. ఏం జరిగిందంటే కొరింథువాళ్లు తమ పెద్దల్ని పదవుల్లో నుంచి దించేశారు. ఆ ఉత్తరం మొదట్లోనే అసూయ, జగడం, తిరుగుబాటు, హింస, వాటి పక్కనే అకతస్తసియా. అదే ఉత్తరంలో అపొస్తలులు పెద్దల్ని నియమించారు అని చెప్పేటప్పుడు వాడిన క్రియ ఇందాక చెప్పిన కథిస్తేమి. కుదురుగా పెట్టినవాళ్లని లేపేశారు, కుదురు పోయింది. ఇక్కడ మాత్రం వేరు, వాడుక రెండూ ఒక చోట కలిశాయి.

కన్ఫ్యూజన్‌కి సరిపోయే గ్రీకు మాట అసలు లేదా అంటే ఉంది, అది వేరే మాట. సుంఖుసిస్. సున్ అంటే కలిపి, ఖెయో అంటే పోయడం. రెండు గిన్నెల్లోవి ఒకదాంట్లో పోసేసినట్టు, ఇక ఏది ఏదో తెలియదు. లాటిన్ కొన్‌ఫుందెరె కూడా సరిగ్గా అంతే, కలిపి పోయడం, ఇంగ్లీషు కన్ఫ్యూజన్ దాని కూతురు. ఈ ఖెయో మన హు ధాతువుకి చుట్టం, హోమంలో నెయ్యి పోయడం, ఆహుతి, హవిస్సు అన్నీ ఆ ఇంటివే. ఆదికాండం 11:9లో బాబెలు అన్న ఊరిపేరుని గ్రీకు అనువాదకులు సుంఖుసిస్ అని తర్జుమా చేసేశారు. మన బైబిల్లో "భాషను తారుమారుచేసెను". హెబ్రీలో అక్కడున్న బాలల్ అనే క్రియ, లేవీయకాండంలో పిండిని నూనెతో కలపడానికి వాడిన క్రియే.

అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు గొడవ దగ్గర కూడా సుంఖుసిసే, "పట్టణము బహు గలిబిలిగా ఉండెను". గలిబిలి! ఎంత బాగుందో. అర్తెమిదేవి గుళ్ల వెండి బొమ్మలు చేసేవాళ్లు వ్యాపారం పోతుందని జనాన్ని రెచ్చగొడితే, అందరూ నాటకశాలలోకి దూరారు. ఎందుకు వచ్చారో చాలామందికి తెలియదు అని లూకా రాస్తాడు, రెండు గంటలు అరిచారు. మీకు కన్ఫ్యూజన్ అన్న మాటకి బొమ్మ కావాలంటే అది. అక్కడ కూడా చూడండి, గుంపే.

ఇక నేను బోల్తా పడ్డ సంగతి. చెప్పడం మొదలుపెట్టిన కొత్తల్లో నా దగ్గర ఒక పదాల పట్టిక ఉండేది, ఎడమవైపు గ్రీకు, కుడివైపు ఒక్క ఇంగ్లీషు మాట. అకతస్తసియా ఎదురుగా కన్ఫ్యూజన్. క్లాసుకి వచ్చే ఒక అబ్బాయి, నర్సింగ్ చదివినవాడు, గల్ఫ్ వెళ్లాలా ఇక్కడే ఉండి అమ్మానాన్నల్ని చూసుకోవాలా అని అడిగితే, నేను గ్రీకు తెలిసినవాడి గొంతుతో సరిగ్గా మీ పెద్దాయన చెప్పిందే చెప్పాను. వాడు గల్ఫ్ మానేశాడు. రెండేళ్ల తర్వాత ఒక పెళ్లిలో కనపడి, "సార్, మీరు చెప్పాక ఇంట్లో ఉన్నా కన్ఫ్యూజన్ తగ్గలేదు, అంటే ఇది కూడా దేవుని చిత్తం కాదా" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. చేతిలో భోజనం ప్లేటు పట్టుకుని నిలబడిపోయాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఐదు వచనాలూ మొదటిసారి వరసగా చదివాను.

వాడికి అప్పుడు నేను చూపించవలసింది అపొరియా అన్న మాట. పొరొస్ అంటే దారి, రేవు. ముందు అదే "అ". దారి తోచకపోవడం. మీ అబ్బాయికి ఉన్నది ఇది. 2 కొరింథీ 4:8లో పౌలు దీన్నే క్రియగా తన మీదే వాడుకుంటాడు, "అపొరూమెనొయి, అల్లుక్ ఎక్సపొరూమెనొయి". దారి తోచకపోతుంది గాని దారులన్నీ మూసుకుపోలేదు అన్నట్టు ఒక మాటలాట. మన బైబిల్లో "కేవలము ఉపాయము లేనివారము కాము" అని ఉంది. గలతీ 4:20లో అయితే నేరుగా "యెటుతోచక యున్నాను" అంటాడు. అపొస్తలుడే నాకు ఎటూ తోచట్లేదు అని సంఘానికి ఉత్తరం రాశాడు, అది లేఖనం అయింది. ఆయన దాన్ని సాతాను ఖాతాలో వేయలేదు. మీ అబ్బాయికి ఈ రెండు వచనాలు చదివి వినిపించండి, తర్వాత జీతం, అద్దె, అమ్మకి దగ్గరా దూరమా అన్నీ కాగితం మీద రాసుకోమనండి.

మీరే వెతకాలనుకుంటే, స్ట్రాంగ్ అనుక్రమణికలో (బైబిల్ మూల భాషల మాటలకి నంబర్లు వేసిన సూచిక) అకతస్తసియా నంబరు 181, విశేషణం 182, సుంఖుసిస్ 4799. అక్కడ ఒక్కో మాటకి నాలుగైదు అర్థాలు వరసగా ఉంటాయి, అది హోటల్ మెనూ కాదు, నచ్చింది ఎంచుకోవడానికి లేదు. ఏ వచనంలో ఏది సరిపోతుందో ఆ వచనమే చెప్తుంది. పెద్దాయనతో ఇది చెప్పేటప్పుడు గ్రూపులో అందరి ముందూ కాకుండా విడిగా టీ తాగుతూ చెప్పండి, లేకపోతే ఈ మాట మీద మీ గ్రూపులోనే అకతస్తసియా అవుతుంది.

పలకడం అడిగారు కదా. అ-క-త-స్త-సీ-అ. "సీ" దగ్గర ఊనిక. ట కాదు, త. ఇంగ్లీషు వీడియోలు చూసి "అకాటస్టేషియా" అంటున్నారు కొందరు, అలా వద్దు, మన నోటికి అసలు ఉచ్చారణే సులువు. ఇప్పటి గ్రీకులో కూడా ఈ మాట బతికే ఉంది, అదే ఊనికతో. కాకపోతే ఇప్పుడు దానికి యుద్ధాలూ తిరుగుబాట్లూ లేవు, చిందరవందరగా పడి ఉన్న గదిని అలా అంటారు. బట్టలు నేల మీద, పుస్తకాలు మంచం కింద, తువ్వాలు కుర్చీకి వేలాడుతూ ఉంటే అకతస్తసియా.